తిరగేసిన ఆకాశం

ఆకాశంలో ఏ ముక్కవో తెలియని ఫోటోలకు చోటు వెతికిపెట్టే పని నాకు కర్నూలులో దొరికింది. లెక్కలు, సైన్సు టీచర్లకు ఆడ రెండు రోజుల ట్రైనింగ్ పెట్టినారు. రెండో రోజు భోజనాలయినాక, హాల్లో సగం మంది కునుకు తీస్తాండే వేళకు, ఒక మేడం వచ్చి మాట్లాడినారు. ఆమె ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు. వాళ్ల కాలేజీ మిద్దె మీద ఒక టెలిస్కోపు ఉంది. ఏండ్ల తరబడి దానితో తీసిన ఫోటోలు కంప్యూటర్లో పడి ఉన్నాయనీ, చాలావాటికి హెడర్ తప్పుగా ఉన్నందువల్ల అవి ఎవరికీ పనికిరాకుండా పోతాన్నాయనీ చెప్పినారు.

హెడర్ అంటే ఏమిటో కూడా ఆమే చెప్పినారు. టెలిస్కోపు ఫోటో ఫైలులో బొమ్మ కంటే ముందు కొన్ని వరుసల రాత ఉంటుంది. ఏ తేదీన తీసినారు, ఎంతసేపు తీసినారు, ఏ కెమెరాతో తీసినారు అన్నీ అందులో ఉంటాయి. వాటికి తోడు కొన్ని అంకెలు ఉంటాయి. ఈ బొమ్మ ఆకాశంలో ఏ ముక్కది, బొమ్మలో ఫలానా చుక్క ఆకాశంలో ఏ చోట ఉంది అని లెక్క కట్టేది ఆ అంకెలతోనే. అవి తప్పయితే బొమ్మ ఎంత చక్కగా ఉన్నా అందులోని చుక్క ఏదో చెప్పలేం. గ్రాఫు గీయడం, కోణాలు కొలవడం బాగా వచ్చి, కాస్త ఓపిక ఉన్నవాళ్లు ఇంటికాడ కూర్చొనే ఈ పని చేయొచ్చని ఆమె అన్నారు. ఆ మాట పూర్తి కాకముందే నేను చెయ్యెత్తినాను. పక్కన కూర్చున్న సైన్సు టీచరు నా వైపు వింతగా చూసింది.

నాకు అప్పటికే యాభై దాటినాయి. నంద్యాలలో ఒక మిషన్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాను. చిన్నప్పటి నుంచి చుక్కలు చూస్తా పెరిగినానని చెప్పుకోను. మాది కోయిలకుంట్ల పక్క పల్లె. నాయన వరి, శనగ పండించేవాడు. చుక్కలు చూసే తీరిక మా ఇంట్లో ఎవరికీ లేదు. నాకు ఇష్టమైంది గ్రాఫు కాగితం. దాని మీద రెండు అంకెలు చెప్తే ఒక్క చోటే దొరుకుతుంది, రెండు చోట్ల దొరకదు. అది నాకు చిన్నప్పుడూ గొప్పగా అనిపించేది, ఇప్పుడూ అనిపిస్తుంది. ఆకాశం మీద కూడా అట్లనే రెండు అంకెలు పెడతారని ఆ హాల్లో తెలిసేసరికి నాకు నిద్రమత్తు వదిలిపోయింది.

వేసవి సెలవులు మొదలైనాక మేడం ఫైళ్లు పంపినారు. వాటితో పాటు ఒక చిన్న ప్రోగ్రాం కూడా. అది చేసే పని చెప్పుకుంటే సులువే. హెడర్లో ఉన్న అంకెలను నమ్మి, ఆ చోట ఏ చుక్కలు ఉండాలో ఆకాశం పటంలో చూసి, బొమ్మ మీద ఆ చోట్ల ఆకుపచ్చ సున్నాలు గీస్తుంది. అంకెలు సరైనవయితే ప్రతి సున్నాలో ఒక చుక్క కూర్చొని ఉంటుంది. తప్పయితే సున్నాలు ఖాళీగా ఉంటాయి, చుక్కలు బయట ఉంటాయి. నేను తెరిచిన ప్రతి ఫైలులోనూ సున్నాలు ఖాళీగానే ఉన్నాయి.

మా ఇంటి హాల్లో కూలర్ ముందర బల్ల వేసుకొని కూర్చున్నాను. మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాడు. పొద్దున పేపరు మధ్యాహ్నం దాకా చదువుతాడు. ఆయన అటు, నేను ఇటు. ఒక్కొక్క ఫైలు తెరవడం, అంకెలు నోట్‌బుక్కులో రాసుకోవడం. మూడో రోజు మధ్యాహ్నం ఆ వరుసను పైనుంచి కిందికి చూస్తాంటే ఒకటి తట్టింది. తూర్పు పడమరల చోటు చెప్పే అంకె ఏ ఫైలులోనూ ఇరవైనాలుగు దాటలేదు. డిగ్రీలయితే మూడువందల అరవై దాకా పోవాలి గదా. ఇన్ని ఫైళ్లలో ఒక్కటంటే ఒక్కటి కూడా ఎందుకు దాటలేదు?

మేడం పంపిన కాగితాలు మళ్లీ తీసి చదివినాను. ఆకాశంలో తూర్పు పడమరల లెక్కను గంటల్లో చెప్పే అలవాటు ఉందట. చుట్టు తిరిగి రావడానికి ఇరవైనాలుగు గంటలు. హెడర్లో మాత్రం డిగ్రీలు రాయాలి. ఒక గంటకు పదిహేను డిగ్రీలు. ఎవరో గంటలను అట్లనే తెచ్చి డిగ్రీల చోట పెట్టేసినారు. నేను ఒక ఫైలు తీసి ఆ అంకెను పదిహేనుతో గుణించి పెట్టి, ప్రోగ్రాం నడిపినాను. తెర మీద ఆకుపచ్చ సున్నాలు వచ్చినాయి. ప్రతి సున్నాలో ఒక చుక్క ఉంది.

కూర్చోలేకపోయినాను. లేచి ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి వంటింట్లోకి నడిచినాను. మా ఆయన పేపరు దించి ఏమైందని అడిగినాడు. పదిహేను అని చెప్పినాను. ఏం పదిహేను అన్నాడు. ఆయన్ను లాక్కొచ్చి చూపించినాను. సున్నాల్లో చుక్కలు బాగానే కూర్చున్నాయని ఒప్పుకొని, అన్నం ఎప్పుడు వండుతావని అడిగినాడు. ఆ పూట వండలేదు. బజారు నుంచి ఉగ్గాని, బజ్జీ తెప్పించుకున్నాం. సాయంత్రం లోపల ఆ కట్టంతా సరిచేసి మేడంకు పంపినాను.

మరుసటి రోజు మేడం ఫోన్ చేసినారు. బాగా మెచ్చుకున్నారు. ఇంకొక కట్ట ఉందనీ, ఇద్దరు ముగ్గురు దాంతో తలకాయ పట్టుకొని వదిలేసినారనీ, చూస్తారా అనీ అడిగినారు. ఒకే చలికాలంలో తీసిన ఫోటోలవి. కెమెరా పేరు, టెలిస్కోపు పేరు అన్నీ మిగతావాటిలాగానే ఉన్నాయి. గంటలను డిగ్రీలు చేసినా, బొమ్మను ఏ కోణానికి తిప్పినా సున్నాల్లో చుక్కలు పడవు. పంపండి మేడం అన్నాను. పదిహేను దొరికిన ఊపులో ఉన్నాను మరి.

ఆ ఊపు వారం రోజుల్లో తగ్గింది. తెర మీద చూసి లాభం లేదని, బొమ్మలనూ వాటికి సరిపోయే ఆకాశం పటాలనూ ఒకే కొలతకు తెచ్చి జిరాక్సు షాపులో ప్రింట్లు తీయించినాను. నల్ల ఆకాశానికి ఇంకు చాలా తాగుతుందని రంగు మార్చి, తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు వచ్చేటట్టు చేసినాను. షాపాయన ప్రింట్లు చూసి, మచ్చలు పడినాయి గానీ అది తన మిషన్ తప్పు కాదని చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చి స్కేలు, కోణమానిని పట్టుకొని కూర్చున్నాను. బొమ్మలో బాగా మెరిసే చుక్కలు మూడు తీసుకొని త్రిభుజం గీయడం, భుజాలు కొలవడం, పటంలో అదే నిష్పత్తి ఉండే త్రిభుజం వెతకడం. పదో తరగతి పిల్లలకు నేను చెప్పే సరూప త్రిభుజాలే. ఆశ్చర్యమేమంటే త్రిభుజాలు దొరికేవి. భుజాల కొలతలు మిల్లీమీటరు తేడా లేకుండా కుదిరేవి. సంబరపడి కాగితం మీద కాగితం పెట్టి వెలుతురుకు పట్టుకుంటే మాత్రం కూర్చునేవి కావు. రెండు చుక్కలు కుదిరితే మూడోది గీతకు అవతలి పక్క పడేది. ఆకాశంలో చుక్కలు లెక్కలేనన్ని గదా, ఏ మూడింటిని కలిపినా త్రిభుజమే, కొలతలు ఊరికే కలిసింటాయి అనుకొని దాన్ని వదిలేసి ఇంకో త్రిభుజం పట్టేదాన్ని. అది కూడా అంతే. మా ఆయన నా వెనక నుంచి చూసి, కుదరనిది కుదరదని ఆ మేడంకు చెప్పెయ్ అన్నాడు. ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపానికి ఇంకో నాలుగు రోజులు కూర్చున్నాను.

అప్పుడే ఆళ్లగడ్డకు పోవలసిన పని పడింది. మా పల్లెలో చర్చి కొత్తగా కడతాన్నారు. గోడలో పెట్టే రాయి మీద అక్షరాలు చెక్కడానికి ఆళ్లగడ్డ శిల్పికి ఇచ్చినారు. కాగితం మీద అక్షరాలు గీసి పెట్టినాడనీ, రాతి మీదికి ఎక్కించక ముందే ఒకసారి చూసి రమ్మనీ కమిటీవాళ్లు నాకు చెప్పినారు. టీచరు గదా, దీర్ఘాలు, వత్తులు తప్పు పోకుండా చూస్తుందని.

పొద్దున్నే నంద్యాలలో బస్సెక్కినాను. చుక్కల కాగితాలు ఇంట్లో వదలబుద్ధి కాక సంచిలో పెట్టుకున్నాను. శిరివెళ్ల దాకా అవి ఒళ్లో పెట్టుకొని చూస్తానే ఉన్నాను. పక్కన కూర్చున్నామె చాలాసేపు ఓర్చుకొని, జాకెట్టు మీద పూసలు కుట్టే డిజైనా అని అడిగింది. కాదు, ఆకాశం అన్నాను. ఆమె సంచి సర్దుకొని కొంచెం అవతలికి జరిగింది.

శిల్పి షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. రాళ్లు కోసే మిషను శబ్దానికి పక్కమనిషి మాట వినపడదు. చెట్లు, తడికలు, సైకిలు, అన్నింటి మీదా తెల్లటి రాతిపొడి. సగం చెక్కిన నంది ఒకటి, ముఖం ఇంకా తేలని అమ్మవారు ఒకరు, వరసగా నిలబెట్టిన స్తంభాలు. శిల్పికి అరవై ఉంటాయి. కనుబొమల్లో కూడా పొడి. నన్ను చూసి మిషను ఆపించి, ఒక స్టూలు తుడిచి వేసినాడు. ఆయన్ను అన్నా అని పిలవడం నాకు ఆ పూటే అలవాటైంది. వాళ్ల ఇంటామె మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

అక్షరాలు పెద్ద కాగితం మీద పెన్సిలుతో గీసి ఉన్నాయి. గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. ఒకచోట వత్తు తప్పు పోయింది. చూపిస్తే దిద్దినాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని నేను ముందెప్పుడూ చూడలేదు. గీతల వెంట సూదితో దగ్గర దగ్గరగా పొడుచుకుంటా పోయినాడు. కాగితాన్ని రాతి మీద పరిచి, పల్చటి గుడ్డలో కట్టిన ఎర్రమట్టి పొడి మూటను దాని మీద తట్టినాడు. కాగితం తీసేస్తే రాతి మీద ఎర్రటి చుక్కలు వరసగా పడి ఉన్నాయి. చుక్కలు కలిపితే అక్షరం. దీన్ని బొమ్మ దింపడం అంటారని చెప్పినాడు. విగ్రహాలకు కూడా మొదట గీతలు ఇట్లనే దింపుతాడట.

మిగతా వరుసలు దింపడానికి కాసేపు పడుతుందన్నాడు. అవి కూడా చూసి పోదామని నేను కూర్చొని, సంచిలోంచి కాగితాలు తీసినాను. మోకాళ్ల మీద ఒక పక్క బొమ్మ, ఒక పక్క పటం. ఆయన సూది కోసం ఇటు వచ్చి నిలబడిపోయినాడు.

"మీరూ బొమ్మ దింపుతాండారా టీచరమ్మా?" అన్నాడు.

కాదని చెప్పి, సంగతంతా వివరించినాను. ఇది టెలిస్కోపుతో తీసిన ఫోటో, ఇది ఆకాశం పటం, రెండింటిలో ఉండేవి అవే చుక్కలు, అయినా ఒకదాని మీద ఒకటి కూర్చోవడం లేదు, రెండు వారాలుగా తిప్పి తిప్పి చూస్తాన్నాను అని. ఆయన కండ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకొని, రెండు కాగితాలూ తీసుకొని గడప దగ్గర వెలుతురులోకి పోయినాడు. ఎంతోసేపు చూడలేదు.

"ఇది బోర్లా పడింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఇది ఎవరో పరిచిన కాగితం కాదు అన్నా, కెమెరా తీసింది అని చెప్పినాను.

"ఎవురు పెట్టినారో నాకెట్ల తెల్సు. బోర్లా పడింది, అంతే."

అది ఎట్లా తెలిసిందని అడిగితే గుడి వాకిలికి రెండు పక్కలా నిలబెట్టే ద్వారపాలకుల సంగతి చెప్పినాడు. ఇద్దరికీ ఒకటే కాగితమట. ఒకరికి ఉన్నది ఉన్నట్టు పరిచి పొడి తడతారు. రెండో ఆయనకు అదే కాగితాన్ని తిరగేసి పరిచి తడతారు. ఈయన గద ఈ చేతిలో ఉంటే ఆయన గద ఆ చేతిలోకి వస్తుంది. నలభై ఏండ్లుగా ఆ చుక్కల్ని ఇటూ అటూ చూస్తాన్న కన్నుకు తిరగేసిన కాగితం ఊరికే తెలిసిపోతుంది. చిన్నప్పుడు ఒకసారి తిరగేయడం మర్చిపోయి ఇద్దరికీ ఒకే చేతిలో గద పెట్టినాడట. వాళ్ల నాయన ఆ రాయి ముందర నిలబెట్టి తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయన్నాడు.

మాట్లాడుతూనే నా బొమ్మ కాగితం మీద పెద్ద చుక్కలన్నీ సూదితో పొడిచినాడు. నేను వద్దనలేదు. ఒక పలక మీద ఆకాశం పటం పరిచినాడు. దాని మీద బొమ్మను ముఖం కిందికి పెట్టి తిరగేసి పరిచినాడు. బొటనవేలితో కాస్త ఓరగా జరిపినాడు. ఒంగి కంతల్లోంచి చూసి ఇంకొంచెం జరిపినాడు. ఎర్రమట్టి మూట తీసుకొని ఒక్కసారి అన్నింటి మీదా తట్టి, కాగితం ఎత్తి పక్కన పెట్టినాడు.

పటం మీద ప్రతి పెద్ద నల్ల చుక్క మీదా ఒక ఎర్ర చుక్క ఉంది. నేను వేలితో ఒక్కొక్కటే తాకుతా లెక్కపెట్టినాను. పద్దెనిమిది పొడిచినాడు. పదిహేడు కూర్చున్నాయి. మిగిలిన ఒక్కటి చుక్క కాదు, ప్రింటులో పడిన మరక.

భుజాల కొలతలు ఎందుకు కుదిరినాయో, మూడో చుక్క ఎందుకు ప్రతిసారీ గీతకు అవతల పడిందో అంతా ఒక్క క్షణంలో తెలిసిపోయింది. అద్దంలో త్రిభుజానికి భుజాలు మారవు. కానీ దాన్ని ఎంత తిప్పినా అసలు త్రిభుజం మీద కూర్చోదు. తిరగేయాలి. ప్రతి ఏడూ బోర్డు మీద గీసి, పిల్లలకు అద్దం చూపించి మరీ చెప్పే పాఠం.

"అన్నా, నేను పిల్లలకు పరావర్తనం చెప్తాను" అన్నాను.

"అంటే ఏందీ?"

"ఇదే."

ఆయన పెద్దగా నవ్వినాడు. వాళ్ల ఇంటామెను పిలిచి ఆ ఎర్రచుక్కల పటం చూపించి, టీచరమ్మ ఆకాశాన్ని మనం సాపు చేసి ఇచ్చినాం అని చెప్పినాడు. నేను కూడా నవ్వినాను. నవ్వుతాంటే కండ్లలో నీళ్లు వచ్చినాయి. మిగతా అక్షరాల వరుసలు ఎట్లా సరిచూసినానో నాకు సరిగ్గా గుర్తు లేదు. తప్పులేమీ లేవని మాత్రం తర్వాత ఆయనకే ఫోన్ చేసి మళ్లీ అడిగి తెలుసుకున్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మిగతా ప్రింట్లు ఒక్కొక్కటే తీసి, పటం మీద తిరగేసి, ఎండ పడే కిటికీ అద్దానికి ఒత్తిపట్టి చూసినాను. బస్సు గుంతలో పడినప్పుడల్లా కాగితాలు జరిగిపోయేవి. మళ్లీ సర్దేదాన్ని. మూడు చూసినాను, మూడూ కూర్చున్నాయి. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూస్తానే ఉన్నాడు. ఇంటికి చేరిందాకా ఆగలేక బస్సులోంచే మేడంకు ఫోన్ చేసినాను. ఆ హారన్ల మధ్య గట్టిగా అరిచి చెప్పవలసి వచ్చింది.

"మేడం, అవి అద్దం బొమ్మలు. మొత్తం కట్ట తిరగబడింది."

మేడం వెంటనే నమ్మలేదు. కెమెరా అదే, టెలిస్కోపు అదే, ఆ ఒక్క చలికాలానికే బొమ్మ ఎట్లా తిరగబడుతుందని అడిగినారు. నాకు తెలియదు, కానీ తిరగబడింది అన్నాను. నాకు తెలియకుండానే శిల్పి మాట నా నోట్లోంచి వచ్చింది. కనుక్కుంటానని ఆమె ఫోన్ పెట్టేసినారు.

ఇంటికి పోయి చెప్పులు కూడా సరిగా విడవకుండా లాప్‌టాప్ తెరిచినాను. హెడర్లో నాలుగు అంకెలు ఉంటాయి. బొమ్మలో కుడి పక్కకు ఒక అడుగు జరిగితే ఆకాశంలో తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత జరిగినట్టో రెండు చెప్తాయి. పైకి ఒక అడుగు జరిగితే ఎంతో మిగతా రెండు చెప్తాయి. బొమ్మ కుడి ఎడమలు తారుమారైతే మొదటి రెండింటికి గుర్తులు మారాలి. మైనస్ ప్లస్ కావాలి, ప్లస్ మైనస్ కావాలి. మేడం ఇచ్చిన ప్రోగ్రాం బొమ్మను ఎంతైనా తిప్పి చూస్తుంది గానీ, తిరగేసి మాత్రం చూడదు. అట్లాంటిది రావచ్చని ఎవరూ అనుకోలేదు. శిల్పి బొటనవేలితో ఓరగా జరిపిన కోణాన్ని కోణమానినితో కొలిచి అంకెలు కట్టినాను. గుర్తులు మార్చి పెట్టి ప్రోగ్రాం నడిపినాను.

చుక్కలు సున్నాల్లో పడలేదు. కానీ ఇంతకుముందులాగా చెల్లాచెదురుగా లేవు. ప్రతి చుక్కా తన సున్నాకు ఎడమ పక్కన, అదే దూరంలో, అదే దిక్కున ఉంది. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది. టెలిస్కోపు అనుకున్న చోటికి కొంచెం పక్కకు చూసింది, అంతే. ఆ దూరం కొలిచి, బొమ్మ నడిబొడ్డుకు చెప్పిన చోటును అంత జరిపినాను. మళ్లీ నడిపినాను. ఒక్కసారిగా అన్ని సున్నాలూ నిండినాయి.

మా ఆయన వంటింట్లోంచి వచ్చి నా వెనక నిలబడినాడు. ఈసారి ఏ అంకె అని అడిగినాడు. అంకె కాదు, అంకె ముందర ఉండే గుర్తు అని చెప్పినాను.

రెండు రోజుల తర్వాత మేడం ఫోన్ చేసినారు. గొంతులో ఉత్సాహం నాకు వినపడతానే ఉంది. కాలేజీలో అప్పుడు పనిచేసి రిటైరైన ల్యాబ్ అటెండరును పట్టుకొని అడిగినారట. ఆ చలికాలంలో కెమెరా వెనక భాగం గోడకు తగులుతాందని, టెలిస్కోపుకూ కెమెరాకూ మధ్య ఒక చిన్న అద్దం బిగించి కెమెరాను పక్కకు తిప్పినారు. ఎండాకాలం వచ్చేసరికి గోడ కొట్టించి, అద్దం తీసేసినారు. అద్దం పెట్టిన సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదు, హెడర్లో అసలే రాయలేదు. ఇన్నేండ్లలో ఆ అటెండరును ఆ ప్రశ్న అడిగింది మేమే మొదట.

కట్టంతా సరిచేయడానికి ఐదు రోజులు పట్టింది. ఫైలు మార్చినప్పుడు ఏం మార్చినామో హెడర్ చివర రాసిపెట్టాలి. దానికి విడిగా వరుసలు ఉంటాయి. తర్వాత ఎవరు ఆ ఫైలు తెరిచినా, ఈ అంకె ఎందుకు మారిందో వాళ్లకు తెలియాలి. కుడి ఎడమలు తారుమారైనట్టు ఎవరు కనిపెట్టినారో కూడా రాయండి అని మేడం అన్నారు. నా పేరు రాయలేను మేడం, కనిపెట్టింది నేను కాదు అని ఆళ్లగడ్డ సంగతి చెప్పినాను. ఆమె చాలాసేపు నవ్వి, అయితే ఆయన పేరే రాయమన్నారు. శిల్పికి ఫోన్ చేసినాను. మిషను శబ్దంలో రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

"నా పేరెందుకు టీచరమ్మా. ఊరి పేరు రాయండి, సాలు" అన్నాడు.

అట్లనే రాసినాను. ఆ కట్టలో ప్రతి హెడర్లోనూ బొమ్మ తిరగబడి ఉందని ఆళ్లగడ్డలో ఒక రాతి శిల్పి చూసి చెప్పినాడని ఇంగ్లీషులో ఒక వరుస ఉంటుంది. ఒక వరుసలో పట్టే అక్షరాలకు లెక్క ఉంది. అందులో పట్టించడానికి నేను నాలుగు సార్లు తిరగరాసినాను.

అన్నీ పంపినాక మేడం ఇంకొక పని చెప్పినారు. ఆ చలికాలంలో ఒక చిన్న గ్రహశకలం, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే ఒక రాయి, ఆ ఆకాశం ముక్క మీదుగా పోయింది. కొత్తదేమీ కాదు, దాని దారి తెలిసిందే. మన ఫోటోల్లో ఒకే సాయంత్రం వరసగా తీసినవి మూడు ఉన్నాయి. వాటిలో అది పడిందేమో చూడండి. ఇంతకాలం హెడర్ తప్పుగా ఉన్నందువల్ల ఎవరూ వెతకలేకపోయినారు అన్నారు. మొదటి ఫోటో తీసిన నిమిషానికి అది ఆకాశంలో ఏ చోట ఉండాలో రెండు అంకెలు పంపినారు.

ఆ రోజు పొద్దున పది గంటలైనట్టుంది. ఆ రెండు అంకెలు ప్రోగ్రాంలో పెట్టినాను. అది నేను సరిచేసిన హెడర్ చూసి, లెక్క కట్టి, బొమ్మలో ఒకచోట ఎర్ర సున్నా గీసింది. అంతకుముందు ఆ బొమ్మను ఎన్నోసార్లు చూసినాను. ఆడ ఏమీ లేదనే అనుకునేదాన్ని. పెద్దది చేసి చూసినాను. సున్నా నడిమధ్యలో, ఉందా లేదా అనిపించేంత పల్చగా ఒక చుక్క ఉంది.

పటంలో ఆ చోట ఏ చుక్కా లేదు.

రెండో ఫోటో తెరిచినాను. మొదటి చోటు ఖాళీ. కాస్త పక్కన, అంతే పల్చగా, ఆ చుక్క. మూడో ఫోటోలో ఇంకాస్త పక్కన. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, బాణం గుర్తు మీట నొక్కినప్పుడల్లా ఒకటి పోయి ఒకటి వచ్చేటట్టు చేసినాను. మిగతా చుక్కలన్నీ మేకు కొట్టినట్టు ఉన్నచోటనే ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం అడుగులు వేస్తా పోతాంది.

ఏండ్ల కిందట ఒక సాయంత్రం ఆ మిద్దె మీద ఎవరో తెలియని కాలేజీ పిల్లలు తీసిన ఫోటోలు. అందులో ఆ రాయి ఇన్నాళ్లూ నడుస్తానే ఉంది, చూసినవాళ్లు లేరు. మూడు చోట్లూ కొలిచి మేడంకు పంపినాను. గంట తిరగకముందే జవాబు వచ్చింది. లెక్క ప్రకారం ఉండవలసిన చోటుకూ నేను కొలిచిన చోటుకూ తేడా లేనట్టేననీ, ఇట్లాంటి కొలతలు పోగుచేసేవాళ్లకు ఈ మూడింటినీ పంపుతాననీ రాసినారు. ఆ జవాబు ఎన్నిసార్లు చదివినానో.

మా ఆయన్ను పిలిచినాను. నా కుర్చీలో కూర్చోబెట్టి, ఈ మీట నొక్కు అని చూపించినాను. నొక్కినాడు. ఏం కనపడలేదన్నాడు. ఎర్ర సున్నా దగ్గర చూడు అన్నాను. మళ్లీ నొక్కినాడు, మళ్లీ నొక్కినాడు. ముఖం తెర దగ్గరికి పోయింది.

"పోతాంది" అన్నాడు మెల్లగా.

"పోతాంది" అన్నాను.

రాయేనా అని అడిగినాడు. రాయే అన్నాను. ఎంత దూరంలో ఉందని అడిగినాడు. నాకు తెలిసినంత చెప్పినాను. వింటానే మీట నొక్కుతాన్నాడు. ముందుకు మూడుసార్లు, వెనక్కి మూడుసార్లు. నేను వంటింట్లోకి పోయి అన్నం, పప్పు చేసి, కంచాలు పెట్టి పిలిచినాను. వస్తాండా అన్నాడు గానీ రాలేదు. పోయి చూస్తే ఇంకా నొక్కుతానే ఉన్నాడు.